తెర మీద రెండు వాకిళ్లు

ఓబుళమ్మ వదినా,

నువ్వు పోయినాక మేము ఊరు వదిలి జమ్మలమడుగు చేరినాము. ఈరోజు మనవరాలి బడికి పోతే, అయ్యవారు కంప్యూటర్లో భూగోళాన్ని తిప్పి పిల్లల సొంతూళ్లను తెర మీద చూపిస్తున్నాడు. మన వీధీ కనిపించింది. కప్పు కూలిన నీ ఇల్లు, ఎదురుగా మాది. మనవరాలు రెండు వాకిళ్ల మధ్య గీత లాగింది. పదిహేను మీటర్లని వచ్చింది.

"ఏంది అవ్వా, ఆయమ్మ ఇల్లు శానా దూరం, కేకలు వినపళ్లేదంటివే?"

ఫ్యాక్షనోళ్లు నీ ఇంటి మీద పడి నిన్ను చంపిన పొద్దు పోలీసులకూ వినపడలేదనే చెప్పినాను. అబద్ధమాడిన పిల్లలను ఎండలో నిలబెట్టిన టీచరమ్మను, ఈరోజు ఆ బెంచీల ముందు తల ఎత్తలేకపోయినాను.

విన్నాను వదినా. మూడుసార్లు పిలిచినావు. మూడోసారికి లేచి వచ్చి, తలుపు గడియ సరిగా పడిందో లేదో చూసుకున్నాను.