పావని అడిగిన రెండో భాగం

అనకాపల్లి,
బుధవారం.

పావనికి,

ఇక్కడ అమ్మ, చెల్లి ఈశ్వరి, నేను బాగున్నాం. స్కానింగులో బిడ్డ గుండె బాగా కొట్టుకుంటందని మొన్న మీ అమ్మ ఫోనులో సెప్పింది. ఆ మాట ఇన్నాకే నాకు అన్నం సయించింది. పాయకరావుపేటలో ఎంత ఉక్కపోసినా డాక్టరమ్మ సెప్పినట్టు మంచం దిగకు.

నువ్వడిగినవి సెప్తాను. అమ్మకి మోకాలినొప్పి తగ్గింది. నీ టమాటా మొక్కలకి రోజూ నీళ్ళు పోత్తన్నాను. ఆటో బాగానే తిరుగుతంది.

ఇక నవల సంగతి. రెండో భాగం పంపమని, "ముందు ఆకర్న సూడు బావా, ఆ అమ్మాయి సచ్చిపోతే పంపొద్దు, ఇప్పుడలాంటివి సదవలేను" అని రాసేవు. పోయినేడు మన బిడ్డ నిలవలేదు కదా, ఎందుకడిగేవో నాకు తెలుసు. అందుకే ఆకర్న సూసి ఊరుకోలేకపోయేను. మొదటినుంచీ సదివేను.

కశింకోట స్టాండులో ఆటో నిండేదాకా వేలెట్టి కూడబలుక్కునేవోణ్ణి. మొదట్రోజు ఒక్క పేజీయే అయింది. రిటైరయిన టీచరు శాంతికుమారి గారు మన ఆటోలోనే వత్తారు. "పైకి సదువు బాబూ, మేమూ ఇంటాం" అన్నారు. ఒత్తులు తప్పితే ఆవిడే సరిసేసేవారు. బెల్లం మార్కెట్లో పనికెళ్ళే కొండతల్లయితే ఆటో నిండినా కదలనిచ్చేది కాదు. "ఉండు నాయినా, ఆ పిల్లకి జొరం తగ్గిందో లేదో సెప్పి బండి తియ్యి" అనేది.

అందులో పెద్ద గొడవలేం లేవు. వంటింట్లో మాటలు, అలకలు, వానకి తడిసిన బట్టలు. నీ గురించి దిగులేసినప్పుడు ఆ ఇంట్లోకెళ్ళి కాసేపు కూకున్నట్టుండేది. పుస్తకం పట్టుకుంటే పిలిచినా పలకవని నిన్ను ఇసుక్కునేవోణ్ణి. ఇప్పుడు తెలిసింది.

ఆ అమ్మాయి బతుకుతాది, పావనీ. నూటనలభయ్యో పేజీ దగ్గర భయమేత్తాది. నేను పుస్తకం మూసేసి కళ్ళు తుడుసుకున్నాను. నువ్వక్కడ ఆపకు. ఇంకో పది పేజీలకి లేచి కూకుని పెరుగన్నం అడుగుతాది.

ఇంకో మాటుంది. ఈ వంకర అక్షరాలు ఎవరివా అనుకుంటన్నావేమో. నావే. పెళ్ళిసూపుల్లో పది పాసయ్యేనని సెప్పేను గానీ, అయిదుతోనే మానేసేను. నువ్వెళ్ళాక నీకొచ్చిన మూడుత్తరాలూ నేను సెప్తే ఈశ్వరి రాసింది. నా రాత ముత్యాల్లాగుందని నువ్వు మురిసిపోతే సిగ్గేసి నిజం సెప్పలేకపోయేను. ఇది రాయడానికి నాలుగు రోజులు పట్టింది. టీచరు గారికి కూడా సూపించలేదు. తప్పులున్నా నీకు నేనే రాయాలనిపించింది.

కోపమొత్తే ఆదివారం నేనొచ్చినప్పుడు తిట్టు. పుస్తకం తెత్తాను. నువ్వు కళ్ళు మూసుకుని పడుకో, నేను సదివి ఇనిపిత్తాను. సాయంత్రానికి అయిదు పేజీలకి మించి అవ్వవు. మిగతావి మళ్ళీ ఆదివారం.

ఇట్లు,
నీ బావ
త్రినాధరావు