తలుపు కింది సందు

నెల్లిమర్ల,
2024 డిసెంబరు 11.

పూజ్యులైన తాతకు,

మనవరాలు ఝాన్సీ నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ అమ్మ, నాన్న, నేను కులాసా. శ్రీకూర్మంలో తన ఇంట్లో మీరూ కులాసాయేనని యమునత్త చెప్పింది. నా గొంతు వినగానే ఫోను కట్టేయడంలో మీరు చూపుతున్న చురుకుదనాన్ని బట్టి అది నమ్మదగిన సమాచారమే. ఉత్తరాన్ని సగంలో కట్టేయడం అంత తేలిక కాదు కనుక ఇది రాస్తున్నాను. ఇంట్లో నువ్వు అనే నోటితో ఇక్కడ మీరు అంటున్నాను. రాతలో మర్యాద తప్పకూడదన్నది మీరు పెట్టిన నియమమే.

ముందుగా మన తగాదాను పక్షపాతం లేకుండా నమోదు చేస్తాను. నవంబరు రెండో వారంలో ఒక ఉదయం, మోకాళ్ల నొప్పికని పొగలు కక్కే నీళ్లు పోసుకుంటూ, ఆ ఆవిరికి ఊపిరాడక మీరు బాత్రూములో పడిపోయారు. లోపల గడియ. నాన్న భుజంతో గుద్ది తలుపు తెరిచేసరికి మీ పెదవులు నల్లబడి ఉన్నాయి. ఆ మధ్యాహ్నమే నేను స్క్రూడ్రైవరు తెచ్చి గడియ ఊడదీశాను. డెబ్బై నాలుగేళ్ల మనిషికి, అందునా ఆయాసం ఉన్న మనిషికి, గడియ అక్కర్లేదని తీర్పు చెప్పాను. “గడియెట్టుకోకండా నీల్లోసుకోడానికి నానేటి గొడ్డునేటే గుంటా?” అని మీరు అడిగారు. నేను జవాబుగా మూడు కారణాలు చెప్పాను. మీరు సంచి సర్దుకున్నారు. తరవాత అమ్మతో ఫోనులో, “ఈ గుడి కాడ తాబేలుకైనా సొంత డిప్పున్నాది” అన్నారట.

మీరు వెళ్లిన పదో రోజున విజయనగరంలో కాలేజీల మధ్య డిబేటు జరిగింది. ‘భద్రత పేరిట పౌరుడి ఏకాంతాన్ని హరించవచ్చునా?’ అన్నది అంశం. చీటీ తీస్తే ‘కూడదు’ అన్న పక్షం వచ్చింది. ఎనిమిది నిమిషాలు ఉరిమాను. మొదటి బహుమతి నాదే. కప్పు పట్టుకుని ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుందామని బాత్రూములోకి వెళ్తే, తలుపు మీద గడియ ఉండాల్సిన చోట నాలుగు స్క్రూల చిల్లులు కనిపించాయి. ఊడదీయాల్సింది గడియను కాదు, ఆవిరిని అని అప్పుడు తోచింది.

అందుకని ఎగ్జాస్టు ఫ్యాను పెట్టించాను. మిల్లులో మీతో పనిచేసిన దేవమణిగారి కొడుకు ఎలీషా వచ్చాడు. నేను పన్నెండంగుళాల ఫ్యాను కావాలన్నాను. మన వెంటిలేటరు గూటికి ఆరంగుళాలది చాలన్నాడు. గంటసేపు వాదించి ఓడిపోయాను, కారణం అతని చేతిలో కొలత టేపు ఉంది. చలికని ఎప్పుడూ మూసి ఉంచే వెంటిలేటరు అద్దం పలకలు తీసి, అక్కడ చెక్క అమర్చి, గుండ్రంగా కోసి ఫ్యాను బిగించాడు. నీళ్లు తగలకుండా స్విచ్చి బయట పెట్టాడు. లైటు వేస్తే ఫ్యానూ తిరుగుతుంది. మీతో ఆ విషయమై వేరే చర్చ ఉండకూడదని నేనే అలా కలపమన్నాను.

ఇక పరీక్ష. బకెట్టు నిండా వేడినీళ్లు వదిలి, తలుపు వేసి నేను లోపలే నిలబడ్డాను. ఫ్యాను మిల్లు సైరనులా మోగింది. గోడ అద్దం మీద ఆవిరి మాత్రం అంగుళం కదలలేదు. బయటికొచ్చి, నాసిరకం సరుకు అంటగట్టడం గురించి ఎలీషాకు ఒక ఉపన్యాసం ఇచ్చాను. అతను అంతా విని, తలుపు బెత్తెడు తెరిచాడు. అంతే, ఫ్యాను వెనక సగం మూసుకుపోయి ఉన్న మూత పలకలు టపటపా తెరుచుకున్నాయి, ఆవిరి అటు పరుగెత్తింది.

“గాలి బయటికెల్లాలంటే ముందు నోనికి రావాల కదేటమ్మా. దారంతా మూసీసి ఫేనుని తిడితే ఏటి సేస్తాది?” అన్నాడు. తలుపు అడుగున ఒక రబ్బరు పట్టీ అంటించబడి ఉంది. దాన్ని పీకేసి, వేలు దూరేంత సందు వదిలాడు. తలుపు మూసి, కాగితం ముక్కను ఫ్యాను జాలీకి ఆనిస్తే అది అతుక్కుని నిలిచింది. వెళ్తూ వెళ్తూ, “మీ తాత మిల్లు గేటు కాడ యూనియను మీటింగుల్లో మాటాడితే మా నాయిన సప్పట్లు కొట్టీవోడంట. నువ్వు మాటాడితే ఫేనుకే ఊపిరాడ్నేదు” అన్నాడు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

గడియ మళ్లీ బిగించాను. పాత చిల్లులు వదులైపోయాయి గనక అరంగుళం పైన, కొత్త స్క్రూలతో. బిగించింది నేనే, ఎలీషా కాదు. “మావొస్తే నువ్వే సెప్పుకో, నాను మద్దిలోకి రాను” అని అమ్మ ముందే తప్పుకుంది. కాబట్టి చెప్పుకుంటున్నాను: వచ్చెయ్యండి.

మీ దగ్గర మాట నేర్చి మీ మీదే ప్రయోగించిన,
ఝాన్సీ

తా.క. పైన ‘అంటించబడి ఉంది’ అని రాశాను. ‘నిర్ణయించబడినది’ అన్న మిల్లు యాజమాన్యం నోటీసు కనిపిస్తే, కర్త ఎక్కడ దాక్కున్నాడో వెతకమని నాకు ఎనిమిదో తరగతిలోనే నేర్పారు. ఈ వాక్యంలో కర్తను నేను. బాత్రూములో గొంతు బాగా మోగుతుందని అక్కడ ఉపన్యాసాలు సాధన చేస్తాను కదా. మీరు బయట కుర్చీ వేసుకుని, సందులోంచి విని, నా ప్రతి తప్పునూ అక్కడికక్కడే దిద్దుతుంటే ఉక్రోషం వచ్చి, అక్టోబరు చివర్లో ఆ పట్టీ తెచ్చి అంటించాను. పదిహేను రోజులకు మీరు పడిపోయారు. అంతకు ముందు ఎన్ని చలికాలాలు అవే వేడినీళ్లు పోసుకున్నారు, ఎప్పుడూ పడలేదు. తప్పు మీ వయసుది కాదు తాతా, నాది. గడియది అసలే కాదు.

పట్టీ చెత్తకుండీకి పోయింది. కుర్చీ మళ్లీ తలుపు దగ్గరే వేశాను. ఒక్క షరతు: నీళ్లు పోసుకుంటున్నంతసేపూ మీరు ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండాలి, నన్ను తిట్టినా సరే. నువ్వు లోపలున్నప్పుడు కుర్చీలో నేనుంటాను. నేను లోపలున్నప్పుడు నువ్వు.