సి భాష క్లాసులో పిన్నికి సీటు

మిన్నీ బే

కంప్యూటర్ కేంద్రం మేనేజరు గారికి,

నమస్కారం. నిన్న మీ బల్ల గుద్దాను, అది తప్పే. కానీ పదో తరగతి పాసవ్వలేదని మా బేబీరాణి పిన్ని దరఖాస్తు తిరగ్గొట్టడం అంతకన్నా పెద్ద తప్పు. చదువు ఎవరి జాగీరూ కాదని నేను చదివిన ప్రతి కరపత్రంలోనూ ఉంది.

చేపలు అమ్మొచ్చాక పిన్ని రోజూ నా పక్కన కూచుని సి భాష నేర్చుకుంటోంది. మొన్న ఐదు గడుల్లో ఐదు అంకెలు పెట్టి, వరసగా చూపించమని ప్రోగ్రాం రాశాను. గడుల లెక్క ఒకటి నుంచి మొదలెట్టాను. అది మొదటి అంకె మింగేసి, చివర్లో ఏదో చెత్త అంకె చూపించింది. నేను కంప్యూటర్ని తిట్టిపోశాను.

పిన్ని నవ్వింది. “అరే బేటా, దాన్నెందుకు తిడతావు? వలలో మొదటి చేప గంగమ్మదని పక్కనెట్టి, తరవాతి దాన్ని గదా మనం ఒకటంటాం? దీనిక్కూడా ఒకటికి ముందు ఒకటుందేమో. సున్నా నుంచెట్టి సూడు.”

పెట్టాను. ఐదూ వరసగా వచ్చాయి. గంటసేపు పుస్తకాలు తిరగేసినా నాకు తట్టనిది, ఏడో తరగతితో బడి మానేసిన మనిషికి తట్టింది.

సోమవారం ఆవిణ్ణి తీసుకొస్తాను. నిబంధన పక్కనపెట్టినా సీటు లేదంటారేమో. సీటొచ్చినవాళ్ల జాబితాలో పదకొండో పేరు నాది. అది కొట్టేసి ఆవిడ పేరు రాయండి. ఆ సంగతి ఆవిడకి మాత్రం చెప్పకండి.

ఇట్లు,
ఆవిడ అక్క కొడుకు