ఉన్ని కోటుకు వేసిన రఫ్ఫు

సిమ్లా

లక్ష్మక్కకు తమ్ముడు వీరేశు దండాలు. నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వు, బావ, పాప కులాసాగా ఉండాలని ఉరుకుంద ఈరన్నను తలుచుకుంటూనే ఉంటాను. బావ నడుము నొప్పి తగ్గిందా? ఫోన్ చేస్తే మగ్గం చప్పుడులో నీకు సగం వినపడదు, మిగతా సగం నాకు చెప్పబుద్ధి కాదు. అందుకే రాస్తున్నాను.

హోటల్లో పని బాగుంది. పొద్దున దోసెలు, సాయంత్రం చపాతీలు. పొయ్యి దగ్గర ఉన్నంతసేపు చలి తెలియదు. బయటికొస్తే చెవులు ఉన్నాయో లేవో తడుముకోవాలి. ఇక్కడి కూరల్లో కారం ఉండదక్కా. నువ్విచ్చిన చెనక్కాయల పొడి అయిపోయింది, వీలైతే పంపు. తిండికి మాత్రం లోటు లేదు, దిగులుపడకు.

చలికి ఆగలేక పాతబట్టల అంగడిలో బూడిద రంగు ఉన్ని కోటు ఒకటి కొన్నాను. తాతల కాలంనాటిది. అంత గట్టి నేత ఇప్పుడు దొరకదు. కానీ మోచేతులు అరిగిపోయాయి, వీపున పురుగు కొట్టిన బొక్కలు, లోపలి లైనింగ్ అంతా పీలికలు. నాతో పనిచేసే మన ఆస్పరి ఊరి హుసేను చూసి, "ఏమప్పా, తొడుక్కునేకా, సేన్లో దిష్టిబొమ్మకా?" అని నవ్వాడు.

సెలవు దొరికినప్పుడల్లా గదిలో కూర్చుని బాగుచేశాను. అంచు మడతలోంచి పోగులు లాగి, నువ్వు నేర్పినట్టే ముందు నిలువు పోగులు పరిచి, అడ్డపోగును ఒకదాని పైనుంచి, ఒకదాని కిందనుంచి పోనిచ్చాను. కుడి మోచేతి దగ్గర ఎవరో నీలం దారంతో వంకరటింకరగా, ముద్దముద్దగా కుట్టారు. ఆ కుట్లన్నీ బ్లేడుతో ఊడదీసి రఫ్ఫు చేశాను. చిరుగు ఎక్కడుందో వెతికినా కనబడలేదు. మళ్లీ మన మగ్గం ముందు కూర్చున్నంత సంతోషమైంది.

మాకు గది అద్దెకిచ్చిన ఇంటామె పెద్దావిడ. పోయినేడు భర్త చనిపోయాడు. కూతురింటికి వెళ్లి ఈమధ్యే తిరిగొచ్చింది. మెట్ల మీద ఆ కోటులో నన్ను చూసి ఆగిపోయింది. కోటు ఎక్కడ కొన్నావని అడిగితే చెప్పాను. అది ఆమె భర్తదట. ఆమె ఊళ్లో లేనప్పుడు కొడుకు ఇల్లు సర్దుతూ, పెట్టెలోని పాతబట్టలన్నీ అంగడికి వేసేశాడట.

వెంటనే విప్పి చేతికిచ్చాను. ఆమె ఏడవలేదు. కుడి మోచేయి పట్టుకుని వేళ్లతో తడిమింది. గుమ్మంలో వెలుతురుకు తీసుకెళ్లి చూసింది. తర్వాత మెల్లగా హిందీలో అడిగింది.

"ఇక్కడ నా కుట్లు ఉండాలి బాబూ. ఏమయ్యాయి?"

పెళ్లయిన కొత్తలో ఆమె మొదటిసారి సూది పట్టింది ఆ చిరుగుకేనట. ఆయన చూసి నవ్వేవాడట గానీ, ఇంకొకరి చేత మళ్లీ కుట్టించడానికి ఒప్పుకోలేదట.

ఊడదీసిన దారం ఆనాడే చెత్తలో ఊడ్చేశానక్కా. ఆమెకు ఊడదీశానని మాత్రం చెప్పాను. "నీకేం తెలుసు, బాగా కుట్టావు" అంది. తిట్టినా అంత తగిలేది కాదు. కోటు ఉంచుకోమన్నాను. తీసుకెళ్లింది. మరుసటి పొద్దున మడతపెట్టి తెచ్చి, ఆయనదిలా లేదు, చలికి నువ్వే వేసుకో అని ఇచ్చేసింది.

"తెలీక సేసినావు, ఇడిసిపెట్టప్పా" అంటాడు హుసేను. కోటు వెచ్చగానే ఉంది. ఆమె ఎదురైతే మాత్రం నా కుడిచెయ్యి దానంతటదే వెనక్కి పోతోంది.

అక్కా, ఒక మాట. అమ్మ కుట్టిన బొంత చినిగిందని, విప్పి కొత్త గుడ్డలతో కుట్టిస్తానని అన్నావు. వద్దు. కప్పుకోవడానికి వేరేది కొనుక్కో. అమ్మ కుట్టు ఎంత వంకరగా ఉన్నా అట్లే ఉండనీ.

బావకు నా నమస్కారాలు, పాపకు ముద్దులు. వీధిలో పెద్దలందరినీ అడిగానని చెప్పు. నీ దీవెన కోరుకుంటూ,

నీ తమ్ముడు
వీరేశు