వెండి నాణెం మీది కొండి

బాపూ,

నువ్వు పోయి రేపటికి ఏడాది. నీ పాతకాలపు వెండి నాణెం ఎవరింట్లో ఉండేదో కనుక్కున్నాను. దారం దూర్చడానికి దాని అంచుకు అతికించిన కొండిని చూసినప్పుడల్లా "మంచి నాణెం ఖరాబు చేసిండ్రు" అని గొణిగేవాడివి. దాన్ని గీకి తీసేస్తానంటే నేనే ఆపాను.

నువ్వు దాన్ని కొన్న హుజూరాబాద్‌లోనే ఇంటింటికీ తిరిగి చూపించాను. ఒక ముసలామె చూడగానే కళ్లకద్దుకుంది.

"గీ వంకర కొండి నాకెరుకే బిడ్డా. మా బాపు మొదటి పెండ్లాం సచ్చిపోతే, ఆమె గుర్తుకని దీన్ని మా అవ్వ మెడల కట్టిండ్రు. దీనికి బొట్టు పెట్టకుంట మా అవ్వ ఏనాడు బువ్వ తినలే."

కొండి సందులో మనం ఎర్రటి మురికి అనుకున్నది కుంకుమ, బాపూ.

నాణెం మీది రాజు పేరు నువ్వు చదివావు. ఆ మొదటి భార్య పేరు నేను అడిగి తెచ్చాను. మల్లవ్వ.