ముందు హెల్మెట్ల కొట్టుకి వెళ్ళు

అన్నయ్యా, డ్యూటీకి వేళయింది, వెళ్తున్నాను. బండి తెచ్చుకోవడానికి షోరూముకి వెళ్ళేముందు, దాని పక్కసందులో ఉన్న హెల్మెట్ల కొట్టుకి వెళ్ళు. నిన్న నేను చూసొచ్చాను. కొట్టాయన తలకి తొడిగి పది నిమిషాలు కూర్చోబెడతాడు, విసుక్కోకు. "చెంపలు నొక్కుతుంటే సరిపోయినట్టేనమ్మా, వదులుగా ఉంటేనే భయం" అన్నాడు. జుట్టు నలుగుతుందని నువ్వు పెద్ద సైజు అడుగుతావని నాకు తెలుసు. చేతి తొడుగులు కూడా తీసుకో. అన్నం మూతపెట్టి ఉంచాను.

నీకెప్పుడూ చెప్పలేదు. బండి మీంచి పడి మా ఆస్పత్రికొచ్చేవాళ్ళ హెల్మెట్లు సంచిలో కట్టి ఇంటివాళ్ళకిచ్చేది నేనే. చాలావాటి మీద గీత కూడా ఉండదు. అవి చేతికి తగిలించుకుని వెళ్ళినవాళ్ళవి.

సాయంత్రం నన్ను ఎక్కించుకోవడానికొస్తే బయట గేటు దగ్గరే ఆగు. నడిచొచ్చినా సరే, వాళ్ళని మోసుకొచ్చే ఆ తలుపులోంచి నువ్వు లోపలికి రావడం నేను చూడలేను.