పొక్కు లేవకముందే పడవలసిన సూది

జిల్లా వైద్యాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: కిడ్నీ మార్పిడి జరిగిన నా కుమార్తె దుర్గకు, అమ్మవారు పోయకముందే వేయవలసిన సూదిమందు ఈ రోజే ఇప్పించుట గురించి.

దమ్మపేట పామాయిల్ తోటల్లో గెలలు కోసే కూలీ హేమ్లా సీతయ్య వ్రాసుకొను విన్నపము.

1. నా కుమార్తెకు ఎనిమిదేండ్లు. నిరుడు హైదరాబాదులో నా భార్య కళావతి కిడ్నీ ఒకటి తీసి పిల్లకు అమర్చినారు. దానిని పిల్ల ఒళ్లు తరిమివేయకుండా రోజూ మాత్రలు వేయుచున్నాము. ఆ మాత్రల వలన రోగాన్ని తట్టుకొను శక్తి తగ్గునని, ఊరి పిల్లలకు వచ్చిపోయే అమ్మవారు సైతం మా పిల్ల ప్రాణం మీదికి తెచ్చునని, ఎవరినీ దగ్గరకు రానీయవద్దని అక్కడి డాక్టరమ్మ చెప్పియున్నారు.

2. రావద్దంటే మా గూడెంలో ఎవరూ వినరు. "మేం పరాయోళ్లమా?" అని అలుగుతారు. అందువలన నా భార్య, అమ్మవారు పోసిన ఇంటికి కట్టినట్లే, మా గుమ్మానికి వేపమండలు కట్టినది. జనం రావడం మానినారు. ఆ ఉపాయం తప్పని ఇప్పటికీ అనను.

3. అయితే నిన్న పక్కింటి జంపక్క, నిజంగానే అమ్మవారు పోసిన తన మనవరాలిని తెచ్చి దుర్గ మంచం మీద కూర్చోబెట్టినది. "మీ ఇంట్ల గూడ అమ్మే ఉన్నది గద సీతయ్యా, ఇద్దరు ఒక్కతాన ఆడుకుంటరని తెచ్చిన" అన్నది. వేపమండలు కట్టినది మేమే గనుక ఆమెది తప్పనలేను.

4. డాక్టరమ్మకు ఫోన్ చేయగా, పొక్కు లేవకముందే సూది పడాలని చెప్పి, చీటీ సెల్‌ఫోనుకు పంపినారు. పిల్లను ఎత్తుకొని పెద్ద దవాఖానాకు పోయినాము. అక్కడి ఉద్యోగి చీటీ చూసి కూడ, "జ్వరం లేదు, పొక్కు లేదు. రోగం లేని పిల్లకు మందేంది? లేసినంక తీస్కరా, చేర్చుకుంటం" అని పంపివేసినాడు. హైదరాబాదు పోవుటకు ఫోన్ చేయగా అంబులెన్సు వారు "పేషెంటు ఎవరు?" అని అడిగి ఫోన్ పెట్టేసినారు. అయ్యా, ఇల్లు అంటుకున్నాక బావి తవ్వుకొమ్మనుట ఏమి న్యాయము?

5. కళావతికి మిగిలినది ఒక్క కిడ్నీ. నాది కలవదని అప్పుడే తేల్చినారు. నాకు చాలా భయముగా నున్నది.

కావున తమరు దవాఖానాకు ఒక్క ఫోన్ చేసి సూది వేయించవలెను. అక్కడ లేనిచో హైదరాబాదు చేర్చుటకు బండి ఇప్పించవలెను. మరొక సెక్షనుకు పంపక, తమరే స్వయముగా చిత్తగించవలెను. పిల్లతో సహా తమ ఆఫీసు సైకిల్ షెడ్డు వెనుక, జనానికి ఎడంగా కూర్చొని యున్నాము.

తమ జవాబు వినకుండా కదలని విధేయుడు,
హేమ్లా సీతయ్య

మరొక మాట: ఇది రాస్తుండగా పిల్ల తన మోచేతి మీద దోమకాటు చూపించి, "నాయ్నా, ఇది పొక్కే అని చెప్దాం, సూదేస్తరు" అన్నది. రోగం కోసం నా బిడ్డ ఒళ్లంతా వెతుక్కుంటున్నది సారూ. జెర జల్దీ బయటికి రాండ్రి.